ఎడమ తలుపు

భోజనాల బల్ల మీద పాతకాలపు కారు మోడల్ కిట్ పరుచుకుని, బస్సు డ్రైవరు ముక్కలు అతికిస్తున్నాడు. పక్కన కూర్చున్న భార్య చూస్తూ చూస్తూ అతన్ని ఆపింది.

“ఏవండీ, ఎడమ తలుపు కుడివైపు అతికించారు.”

“ఏదో పరధ్యానం.”

“నిన్న బంపరూ తలకిందులే. ఈ ముక్క మీద అంకె ఎంత?”

“మూడు.”

“ఎనిమిది. ఎన్నాళ్లనుంచి ఇలా?”

అతను జిగురు సీసాకు మూత పెట్టాడు.

“వేసవి నుంచి. నాలుగు నెలల్లో రిటైర్మెంటేగా, ఎలాగో నెట్టుకొద్దామనుకున్నానే.”

“బస్సులో యాభైమంది ఉంటారండీ.”

“తెలుసు. రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే నడుపుతున్నా.”

ఆమెకు తిట్టబుద్ధి కాలేదు. అతని చేతిమీద చెయ్యి వేసింది.

“రేపు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేనూ వస్తా.”

అతను ఫోను ఆమెవైపు జరిపాడు.

“డిపోకి నువ్వు కలుపు. రేపు బండి తియ్యనని నేనే చెప్తాను.”