చిమ్మట మేసే నేలకు కాపలా కాసిన ఓగుల్‌శాత్ గారు

1988వ సంవత్సరం మార్చి పద్నాలుగవ తేదీన కరకుమ్ ఎడారిలోని మన పరిశోధన కేంద్రంలో సహాయకురాలిగా చేరిన ఓగుల్‌శాత్ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారికి తివాచీ బహూకరిస్తున్నాం, పలావు వండిస్తున్నాం, ప్రశంసలు చదువుతున్నాం. వారు అడిగిన ఒక్కటి మాత్రం ఇవ్వడం లేదు.

ఇసుకపై నాచులా నల్లగా పేరుకునే లైకెన్ పొరే ఆహారంగా బతికే బూడిదరంగు చిమ్మటను ఎవరూ సరిగా పరిశీలించలేదని గ్రహించి, పరిశోధకురాలిగా పదోన్నతి పొందిన నాటి నుండి వారు దానికే అంకితమయ్యారు. కేంద్రం వెనుక కొంత నేలకు కంచె వేయించారు. అంతే, వెక్కిరింతలు మొదలు. “పట్టుపురుగైతే పట్టయినా ఇస్తుంది” అని భోజనాల దగ్గర నవ్వినవారే మన కేంద్రం పత్రిక ఈ సంచికలో వారిని వేనోళ్ల పొగిడారు. పేజీలు తిప్పి చూసుకోవచ్చు.

నల్లపొర ఉంటే గడ్డి మొలవదని గొర్రెలచేత తొక్కించడం మన కాపరుల ఆచారం. ఒక వసంతంలో కంచె లోపల కూడా తొక్కించమని డైరెక్టరు గారు ఆజ్ఞాపించగా, కాపరి హోజాగెల్ది మందను తోలుకొచ్చాడు. ఓగుల్‌శాత్ గారు టీ కూజాతో సహా కంచె గుమ్మంలో చతికిలబడ్డారు.

“లే అక్కా, గొర్రెలు ఆగవు.”

“బయట ఎడారంతా నీదేరా తమ్ముడూ. ఇక్కడ మేస్తున్నది నా మంద.”

“నీ మందకి ఉన్ని ఉందా?”

“వంగి చూడు. ఒళ్లంతా బొచ్చే. కత్తిరించగలిగితే సగం నీకే!”

పొరను కొరుకుతున్న చిమ్మట గొంగళిపురుగును చూసి హోజాగెల్ది పగలబడి నవ్వాడు. మందను మళ్లించుకుపోయాడు.

ఆఫీసు మాత్రం ఊరుకోలేదు. తల్లిగారు పోయిన నలభయ్యో రోజు సంతర్పణకు వారు ఊరెళ్లిన సమయం చూసి, ట్రాక్టరుతో సగం నేల గీకించింది. ఆ పొర మళ్లీ కట్టడానికి ఒక మనిషి ఉద్యోగకాలం చాలదు. వారు తిరిగొచ్చి మళ్లీ పనిలో పడ్డారు. మిగిలిన సగంలోనే, గుడ్డు నుంచి రెక్కల దాకా, ఆ చిమ్మట జీవితమంతా చూసి లోకానికి చెప్పారు.

వీడ్కోలు వేళ ఏం కావాలని అడిగితే, “కంచె తియ్యకండి, చాలు” అన్నారు.

“చూద్దాంలెండమ్మా” అన్నారు డైరెక్టరు గారు.

ఆ “చూద్దాం” అంటే ఏమిటో ఇక్కడ పనిచేసేవాళ్లందరికీ తెలుసు. ఈ సంచిక అచ్చుకు వెళ్లే ముందు రోజున, విందుకు తెచ్చిన గొర్రెలను ఆఫీసువాళ్లు ఆ కంచెలోకే తోలబోయారు! హోజాగెల్ది అడ్డం నిలబడ్డాడు. “సిగ్గులేదట్రా? ఆవిడ విందుకి ఆవిడ నేలే దొరికిందా?” అని తిట్టి, వాటిని తన దొడ్డికి తోలుకుపోయాడు.

ఓగుల్‌శాత్ గారికి అల్లా నిండు ఆయుష్షును, ఆరోగ్యాన్ని, చెదరని చూపును, ఇసుకలో నడవగల కాళ్లను ప్రసాదించుగాక. ప్రతి వసంతం వారు ఆ కంచె దగ్గరకు రావాలి. వచ్చేసరికి అక్కడ నల్లపొర ఉండేలా చూడవలసింది అల్లా కాదు, మనం.