తాడు గోలు వైపు తిరిగే బంతి

శనివారం ఫుట్‌బాల్ మైదానంలో కొత్త గ్యాలరీని జాబెజ్ థోర్ప్ చేత తెరిపిస్తారంట. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఆ మిల్లుల ఊరి జట్టుకి మూడొందల పన్నెండు గోల్స్ కొట్టిన మొనగాడు మరి. ఆయన పక్కన మైదానంలోకి నడవడానికి పాత ఆటగాడొకడు కావాలి. ఆ ఒక్కడూ తనే అవ్వాలని, ఒకప్పుడు అదే జట్టులో ఆడిన క్లెగ్‌కి ఒకటే ఆరాటం. అందుకే సంతలో, జాబెజ్ పెళ్లాం హెట్టీ నడిపే టీ కొట్టు దగ్గర, క్లబ్బు పెద్ద ప్రిచర్డ్ కప్పు అందుకున్నాడో లేదో, మొదలెట్టేశాడు.

తనదేం లేదంట, కుడి గీత వెంట ఉరికి బంతిని పైకి లేపడం వరకే తన పనంట, తలతో కొట్టేది జాబెజ్ అంట. అప్పట్లో తోలు బంతి మూతిని బూటు లేసులాంటి తాడుతో బిగించేవాళ్లు. వానకి తడిస్తే బంతి ఇటుకరాయే, తాడు నుదుటికి తగిలిందా, తోలు లేచొచ్చేది.

"నేను లేపిన బంతి అట్టా కాదయ్యా. గాల్లో గిరగిరా తిరిగి, జాబెజ్ దగ్గరికొచ్చేసరికి తాడుని గోలు వైపు తిప్పేసుకునేది. పదకొండేళ్లలో ఒక్క గాటు పడనియ్యలేదు."

"బంతికి నువ్వేమన్నా చదువు చెప్పావా?" అన్నాడు చేపలమ్మే టాటర్సాల్.

ఆ మాటకి క్లెగ్ ఇంకా రెచ్చిపోయాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా అంటూ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఒక చలికాలం మంచూ మిల్లు పొగా కలిసి ఎవడి ముక్కు వాడికే కనపడలేదంట. క్లెగ్ ఈలేసి బంతి లేపితే, జాబెజ్ ఆ ఈలకే తల అడ్డం పెట్టాడంట. బంతి వల చించుకుని, మిల్లు పొగగొట్టంలో దిగి, మసి పూసుకుని మళ్లీ పైకి లేచి, మూడు మైళ్ల అవతల పక్కూరి ఆటలో గోల్లో పడిందంట. అక్కడి రిఫరీ ఎవరు కొట్టారో తెలీక ఈల ఊది గోలిచ్చేసి, నల్లబడిన బంతిని రైలెక్కించి పంపాడంట.

"ఒక్క తల, రెండూళ్లలో రెండు గోల్స్. ఆ తాడు మీద వెతికినా నెత్తురు చుక్క లేదు."

ప్రిచర్డ్ పేరు రాసుకోడానికి పెన్సిల్ తీశాడు.

హెట్టీ కెటిల్ కింద పెట్టింది. "అయితే క్లెగ్, శనివారం శనివారం ఆయన నుదుటి గాట్లకి నేను పందికొవ్వు రాసింది దేనికి? నువ్వు కాలు విరిగి పడుకున్న ఆర్నెల్లే నా చేతికి తీరిక. అప్పుడే ఆయన నుదురు పసిబిడ్డ బుగ్గలా ఉండేది."

కొట్టు కొట్టంతా నవ్వింది. ప్రిచర్డ్ పెన్సిల్ జేబులో పెట్టేసుకున్నాడు.

"అదెందుకు లోపల పెడతావయ్యా," అంది హెట్టీ. "నుదురు నున్నగా ఉన్న ఆ ఆర్నెల్లలో ఆయన కొట్టింది రెండే గోల్స్. ఇతని పేరే రాయి. శనివారం మా ఆయన టోపీ తీస్తే ఆ గాట్లు జనమంతా చూస్తారు. అవి పెట్టినోడు పక్కనుండొద్దా?"

క్లెగ్ గొంతు సవరించుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా.

"ఆ రెండు గోల్స్ అన్నావు చూడు తల్లీ, అవి మా ఇంటి కిటికీలోంచి నేను ఈలేస్తేనే..."

హెట్టీ అతని నోట్లో బన్ను కుక్కింది.