మెరిసిపోతున్న మెకిన్లీ

ఒహాయోలో ఒక చర్చి హాలు. పాత పతకాలు సేకరించేవాళ్ళ సంఘం ఏటా పెట్టే ప్రదర్శన ఇంకాసేపట్లో మొదలు. అద్దాల పెట్టె ముందు హార్లన్, అతని భార్య వెర్నా.

“తోమేశారు! వెర్నా, ఎవరో మెకిన్లీని తోమేశారు!”

“అరవకు. ఏదీ, చూడనీ... అయ్యయ్యో! కొత్త చెంబులా మెరుస్తున్నాడే!”

“మెకిన్లీ ప్రెసిడెంటుగారు బతికుండగా, ఆయన మొహంతో పోసిన కంచు పతకం! ఆ ముదురు రంగు పట్టడానికి వందేళ్ళు పట్టింది. దానికోసమే కదా జనం ఎగబడేది! ఇప్పుడిది ఉత్త కోటు బొత్తాం.”

“మెల్లగా. నాన్న వచ్చేస్తాడు.”

“అదేగా నా భయం! పతకం ఆయనది. ఈ పెట్టె తాళాలు ఆయన దగ్గరొకటి, నా దగ్గరొకటి. ఈ సంఘం పెట్టిందీ, పతకం తోమినవాణ్ణి గెంటెయ్యాలని రూలు పెట్టిందీ ఆయనే. మొన్న పాపం డెల్బర్ట్‌ని... జేబురుమాలుతో తుడిచాడంతే!”

“నిన్ను కూడా గెంటేస్తే?”

“ఈ సంఘం లేకపోతే నాకేముంది వెర్నా?”

“నేనున్నాగా!”

“అదే... నువ్వు కాక.”

“శనివారాలు ఇంట్లో కూర్చుని నా ప్రాణం తీస్తావు. వద్దు బాబూ, ఏదో ఒకటి చేద్దాం.”

“ముందు వాసన చూడు.”

“కెచప్! కంచు మెరవాలంటే పులుపు రాస్తారుగా!”

“ఊఁ. మనింట్లో సీసా నిన్న ఖాళీ. నా తాళం వేలాడేది వంటింట్లో.”

“అంటే? నేనా?”

“నేననలేదు.”

“అన్నావు! సీసా ఖాళీ చేసింది నువ్వు కాదూ?”

“నేనా? నిన్న మీ నాన్న భోజనానికొచ్చినప్పుడు సగం ఉంది. తర్వాత నేను ముట్టుకుంటే ఒట్టు!”

“ష్‌... వచ్చాడు. నాన్నా! రా, ముందు కాఫీ తాగుదువుగాని. డోనట్లు వేడిగా ఉన్నాయి.”

“డోనట్లు తర్వాత. పక్కకు జరుగమ్మా.”

“మామయ్యా, తప్పు నాదే. నేనే తోమాను.”

“అబద్ధం నాన్నా! నేనే. గిన్నెలు తోముతూ, ఆ చేత్తోనే...”

“ఇంట్లో గిన్నెలు తోమేది నేను, వెర్నా!”

“ఆపండి ఇద్దరూ! అల్లుడూ, ఇటు చూడు. ఆ ముక్కు, ఆ కనుబొమలు! ఎంత బాగున్నాడు!”

“మామయ్యా... కోపం రాలేదా?”

“చిన్నప్పుడు మా నాన్న ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూపించిన మొహం ఇది. కళ్ళు మసకేశాక, భూతద్దం పెట్టినా నల్ల మచ్చే. పోయేలోపు ఒక్కసారి చూడాలనిపించదూ?”

“నాన్నా! అంటే...”

“డెల్బర్ట్‌కి ఫోన్ చేసి రమ్మనమ్మా. వాడికో డోనట్టు అట్టిపెట్టు. అల్లుడూ, ఇక ఈ పెట్టె నీది, సంఘమూ నీదే. ఆ మైకు ఇలా తే. రూలు రూలే... హలో, అందరికీ వినపడుతోందా? పతకం తోమినందుకు సంఘంలోంచి గెంటేస్తున్న దొంగ పేరు చదువుతున్నాను. మన వ్యవస్థాపక అధ్యక్షుడు, ఎమ్మెట్ ట్విచెల్!”