కోరుట్లకు ఓడ వచ్చే ముచ్చట

వీరేందర్ చాయ్ గ్లాసు చేతుల పట్టుకొని, తాగకుంట అటూ ఇటూ చూస్తుండంటే కడుపుల ఏదో ముచ్చట ఉబ్బుతున్నట్టు లెక్క. కోరుట్ల పాత బస్టాండు కాడ గంగవ్వ హోటల్ల కూసునేటోళ్లందరికి గా సంగతి ఎరుకే. హోటలంటే పెద్దదేం కాదు, రేకుల కింద ఒక గ్యాస్ పొయ్యి, రెండు బల్లలు. గంగవ్వ చాయ్ పోస్తది, బిడ్డ పూజ గ్లాసులు అందిస్తది. పూజ నాయిన సమ్మయ్య మస్కట్ల ఉంటడు. పిల్ల పుట్టకముందు పోయినోడు, ఏడాదికో రెండేండ్లకో ఒకసారి చుట్టపుచూపుగ వచ్చి పోతడు.

గా దినం పూజకు గ్లాసుల మీద ధ్యాస లేదు. ఇంటర్ పాసైంది. ఏ కోర్సు చదువుతదో మాపటి లోపల ఆన్‌లైన్ల పంపాలె, పంపినంక మార్చుటానికి లేదు. నెల దినాల సంది ఫోన్ల పిల్లలకు దారి చూపే సైట్లన్ని తిరగేసింది. ఒకటేమో బొమ్మలు గీసే చదువు చదువుమన్నది. ఇంకోటి పశువుల డాక్టర్ అన్నది. మరొకదాంట్ల ఒక సారు గంటసేపు మాట్లాడి, ఆఖరికి నీ మనసు ఏం చెప్తే గది చెయ్యి అని లేచిపోయిండు. పూజ మనసేమో ఉలుకుత లేదు పలుకుత లేదు. ఎంత చూస్తే అంత ఆగమాగం అయింది.

గిట్లుండంగ మొన్న వీరేందర్ తన ఫోన్ల నుంచి గంగవ్వ ఫోనుకు, ప్రశ్నలు అడిగి ఎవలికి ఏ నౌకరి సరిపోతదో చెప్పే ఒక సైటుల పూజ పేరు మీద వచ్చిన రిజల్టు పంపిండు. పూజకు సరిపోయే నౌకరి ఓడల మీద, సముద్రంల అని ఉన్నది దాంట్ల. కంప్యూటర్ చెప్పిందంటే ఉత్తగనే చెప్తదా అని గంగవ్వ దాన్ని మస్కట్ పంపింది. సమ్మయ్య సంబురపడి గదే ఖాయం చెయ్యుమన్నడు. ధర్మపురి గోదావరిల మోకాళ్ల లోతుకు దిగితేనే పూజకు కండ్లు తిరుగుతయి. అసుంటి దాంట్ల గా కంప్యూటర్‌కు ఓడ ఎక్కడ కనవడ్డదో పిల్లకు సమజ్ కాలేదు. రెండు దినాల సంది బువ్వ గూడ సక్కగ తింట లేదు.

వీరేందర్ గంగవ్వకు వరుసకు తమ్ముడు. మునుపు దుబాయి పోయేటోళ్లను బొంబాయి ఇంటర్వ్యూలకు తోల్కపోయేటోడు, ఇప్పుడు పిల్లల చదువుల మీద పడ్డడు. ఎదురు బల్ల మీద కొడిమ్యాల ఐలయ్య, పక్కపొంటి ఆగయ్య కూసున్నరు. గా ఇద్దరి ముంగట వీరేందర్ గొంతు సవరించుకున్నడు.

"గొప్పలు చెప్పుకునుడు నాకు చేతగాదే ఐలన్నా. ఏదో మా చెల్లె కొడుకు ముస్తాబాద్ల ఖాళీగ తిరుగుతుంటే, జర ఫోన్ తియ్యిరా అని గా సైట్ల వాని పేరు కొట్టిన. ప్రశ్నలు వచ్చినయి. జవాబులు ఒత్తిన. వానికి దారి దొరికింది. గంతే ముచ్చట."

గంతేనా అని ఐలయ్య అడిగిండు. అడగకుంటే బాగుండు. వీరేందర్ కాళ్లు బల్ల మీదికి ముడుచుకున్నడు.

గంతే ఎట్లయితది, ఆ తర్వాత ఏమైందో తెలుసా అని అందుకున్నడు. గా సైట్ల ప్రశ్నలు పుట్టెడు ఉంటయట, పెద్ద పెద్ద సదువుకున్నోళ్లకే పూట పడుతదట, వీరేందర్ రెప్ప కొట్టే లోపల అన్ని ఒత్తి పడేసిండట. గా ఊపుకు ఫోన్ కాలి కాలి, మీద గిన్నె పెడితే చాయ్ మరిగిందట. గా చాయ్ తాగంగనే బెంగుళూరు నుంచి ఫోన్ వచ్చిందట. సైటు పెట్టిన పెద్ద సారే వీడియోల లేచి నిలవడి, అయ్యా మీరెవరు, మా కంప్యూటర్ మీ జవాబులు చూసి నోరు తెరిచింది, ఇంకా మూస్త లేదు అన్నడట.

కంప్యూటర్‌కు నోరేందిరా అని ఆగయ్య గొణిగిండు. గది నీకు తెల్వదు తాతా, లోపట ఉంటది అని వీరేందర్ ఆయన మాట కొట్టేసిండు.

పూజ పొయ్యి కాడ నిలవడి ఇంటున్నది. మామ కోతలు కోస్తడని ఆమెకు ఎరుకే. గని గా కోతలల్ల ఎంత నిజం ఉన్నదో ఎంత లేదో తెల్వక మరింత తికమక అయితున్నది. రిజల్టు అయితే నిజంగనే వచ్చింది గదా. సైటు గూడ నిజంగనే ఉన్నది గదా.

"ఇగ ఇను. నన్ను తోల్కపోతందుకు హెలికాప్టర్ పంపిండ్రు. కోరుట్లల దిగెతందుకు జాగ ఏడున్నది? పసుపు ఆరబోసిన కల్లాల మీద దించిండు వాడు, తెలివి లేక. గా గాలికి పసుపంత లేచి ఊరు మీద పడ్డది. వారం దినాలు కోరుట్ల కుక్కలు, బర్రెలు, మున్సిపాలిటీ బండ్లు అన్ని పచ్చగనే. జనం పెండ్లి ఎవలదని అడిగిండ్రు."

నేను గా వారం కోరుట్లలనే ఉన్న గదరా అన్నడు ఆగయ్య. నీకు కండ్లు సక్కగ కనవడయి గదనే తాతా అని వీరేందర్ జాలిగ అన్నడు. ఆగయ్యకు మొన్ననే కండ్ల ఆపరేషన్ అయింది, నిజంగనే కనవడలేదేమో అని ఆయనకే అనుమానం వచ్చింది.

అప్పుడు ఐలయ్య తన సంబురం చెప్పుకున్నడు. తమ్మి దయ వల్ల మా కొడుకుకు గూడ నౌకరి తేలింది, ఓడల మీదనట అన్నడు. ఆగయ్య మెల్లగ తలకాయ ఎత్తి, మా మనుమరాలికి గూడ ఓడలే వచ్చినయి అన్నడు. ఇద్దరు ఒకని మొఖం ఒకడు చూసుకున్నరు. పూజ చేతుల గ్లాసు ఆగింది.

ఇంకొకడైతే గా మాటకు తడబడేటోడు. వీరేందర్ ఇంక పెద్దగ ఉబ్బిండు. మరేమనుకున్నరు, మన జగిత్యాల జిల్లా పిల్లలందరికి ఓడలే అన్నడు. గంభీరావుపేట పిల్లలకు గూడ ఓడలే, సిరిసిల్లల బట్ట నేసే సాంచాల మీద పని నేర్సుకునేటోళ్లకు గూడ ఓడలే. లోకంల ఎక్కడ ఓడ కదిలినా స్టీరింగ్ మీద మనోడే ఉంటడట. ఇన్ని ఓడలు ఏడికి రావాలె అని పై నుంచి అడిగితే, పిల్లలు దూరం పోవుడెందుకు, ఓడలనే ఇక్కడికి పంపుండ్రి అని తనే అన్నడట. అందుకే ఎస్సారెస్పీ కాలువను ఎడల్పు చేస్తరట. వచ్చే ఎండకాలం కల్లా దుబాయి ఓడ సీదా వచ్చి కోరుట్ల బస్టాండు ముంగట ఆగుతదట, కండక్టర్ దిగి మెట్‌పల్లి మెట్‌పల్లి అని ఒర్రుతడట.

కాలువల నీళ్లు వరికే సాల్త లేవు అని ఐలయ్య అన్నడు గని, గొంతుల బలం లేదు. కొడుకు సంగతి కండ్ల ముంగట తిరుగుతున్నది.

పూజ గ్లాసు కింద పెట్టి ముంగటికి వచ్చింది. ఎన్నడు మామకు ఎదురు మాట్లాడని పిల్ల.

"మామా, గా ప్రశ్నలు మా గురించి గదా. జవాబులు ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్తరు బిడ్డా, నేనే. మీ అసుంటి పోరగాండ్లకు ఇడిస్తే ఫెయిల్ అయితరు. బొంబాయిల ఎంతమందిని పాస్ చేయించిన నేను? గవే జవాబులు నాకు నోటికి వస్తయి. ఇంటికి దూరం ఉంటవా అంటే, ఉంట. ఎండకు ఓర్సుకుంటవా అంటే, ఓర్సుకుంట. రాత్రి డ్యూటీ చేస్తవా, చేస్త. ఒక్క రూంల పది మందితోటి పంటవా, పంట. పండుగకు ఇంటికి పోకున్నా నడుస్తదా, నడుస్తది. సక్కటి జవాబు ఒక్కటే ఉంటది, అందరికి గదే ఒత్తిన. ఒక్కలన్న ఫెయిల్ అయిండ్రా?"

పూజకు నవ్వు వచ్చింది, ఎంబటే ఏడుపు వచ్చింది, ఏది ముందుగాల రానియ్యాల్నో తెల్వలేదు. తనల ఓడ ఏడున్నదా అని రెండు దినాలు ఎతుకుడు ఎతికింది.

గంగవ్వ పొయ్యి బందు చేసింది. వీరేందర్ ముంగటికి వచ్చి నిలవడ్డది. కోపంగ ఏం లేదు, మెల్లగనే అన్నది.

"వీరేందరూ, గివి నా బిడ్డ జవాబులు గావురా. గివి వాళ్ల నాయిన జవాబులు."

ఐలయ్య నేల చూపు చూసిండు. ఆయన గూడ పన్నెండేండ్లు సౌదిల గవే జవాబులు చెప్పి వచ్చినోడు, ఆగయ్య గూడ ఒకప్పుడు గట్ల పోయి వచ్చినోడే.

ఓడ కోర్సు పంపేది లేదని, మీ నాయినతోటి నేను మాట్లాడుతనని గంగవ్వ బిడ్డకు చెప్పింది. కొంగుకు చేతులు తుడుసుకొని, వీరేందర్ చేతుల ఫోన్ గుంజుకొని పూజ చేతుల పెట్టింది. నువ్వే చెప్పు, ఎవల మొఖం చూడకు అన్నది. పూజ సైటు మళ్ల మొదటి నుంచి తెరిచింది. ఇంటికి దూరంగ ఉండి పని చేసుడు నీకు ఇష్టమేనా అని మొదటి ప్రశ్న వచ్చింది.

పూజ గట్టిగ సదివేసరికి, అలవాటు పోక, బల్ల మీది ముగ్గురు ఒక్కసారే నోరు తెరిచిండ్రు. గంగవ్వ చూసిన చూపుకు ముగ్గురు మూసుకున్నరు.

పూజ తల్లి దిక్కు చూసింది. మస్కట్ దిక్కు మనసు పోయి వచ్చింది. ఫోన్ మీద వేలు పెట్టింది.

ఏం ఒత్తినవ్ బిడ్డా అని వీరేందర్ మెడ సాపిండు.

"తెలియదు అని ఒత్తిన మామా."

"గట్ల గూడ ఉంటదా?" అని వీరేందర్ ఫోన్ దగ్గరికి గుంజుకొని చూసిండు. అవును, కాదు, తెలియదు, మూడు వరుసగ ఉన్నయి. "గీ మూడోది ఎప్పుడు పెట్టిండ్రు?"

"మొదటి సంది ఉన్నది మామా," అన్నది పూజ. "నీకే ఎన్నడు అక్కర పడలేదు."