తొమ్మిదో నంబరు బిళ్ళ

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం, రోడ్లన్నీ బురదగా ఉన్నా, పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని ఇంతమంది వచ్చారు. చాండ్లర్ నుంచి, ప్లేనో నుంచి విమానాలెక్కి వచ్చినవాళ్ళున్నారు. వెనక రెండు వరసల్లో కూర్చున్నవాళ్ళు మా స్నోమొబైల్ క్లబ్బువాళ్ళు. వాళ్ళకి తెలుగు రాదు. మూర్తిగారి అమ్మాయి అవని వాళ్ళ మధ్య కూర్చుని మెల్లగా ఇంగ్లీషులో చెబుతోంది. ఆ పని ఇంకెవరికైనా ఇద్దామన్నాం. నాన్న గురించి నేనే చెబుతానని పట్టుబట్టింది.

ఛాయాదేవి గారూ, మీ ఎదురుగా నిలబడి మాట్లాడే అర్హత ఈ హాల్లో అందరికంటే నాకే తక్కువ. ఎందుకో మీకు తెలుసు. తెలిసి కూడా "శంకరమే మాట్లాడాలి" అన్నారు. మీరన్నారు కాబట్టి నిలబడ్డాను.

మీ వారు, మన దక్షిణామూర్తి గారు పోయి ఇవాళ్టికి పదకొండో రోజు. మీలో చాలామందికి ఆయన మన అసోసియేషన్ పిక్నిక్కుల్లో గ్రిల్ దగ్గర నిలబడే పెద్దాయన. మీ పిల్లలకి లెక్కలు చెప్పిన మూర్తి అంకుల్. కొండ మీద ఆయనేం చేసేవారో మీకు తెలియదు. ఎప్పుడైనా చెబితే కదా! అందుకే ఆ సంగతులే చెబుతాను.

కొత్తగూడెం ఎండల్లో పెరిగిన మనిషి ఐడహో మంచులోకి ఎందుకు వెళ్ళాడు? నేనూ అడిగాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు వంతెనలు తనిఖీ చేసే ఇంజనీరుగా పనిచేశారాయన. ఈ చుట్టుపక్కల ఆయన కింద దూరి చూడని వంతెన లేదు. రిటైరయ్యాక మంచు మీద నడిచే బండి, ఒక పాత స్నోమొబైల్ కొన్నారు. మోకాళ్ళ నొప్పులతో నడవలేని చోట్లకి ఈ బండి తీసుకెళ్తుందయ్యా, అంతే, అన్నారు. అంతేనని నేను నమ్మలేదు. ఆయన బండి ఆపి చూసేది కొండల్ని కాదు. దారిలో వచ్చే ప్రతి చిన్న వంతెన కిందికీ వంగి చూసేవారు.

మా క్లబ్బు చూసుకునే మంచు బాట ముప్ఫై మైళ్ళుంటుంది. పదకొండో మైలు దగ్గర ఒక వాగుంది. దాని మీద చెక్క వంతెన ఉండేది. అది దాటితే పెద్ద మైదానం, ఆ వెనక శిఖరాలు. అవతలి లోయలోంచి వచ్చేవాళ్ళకి మా వైపు రావడానికీ ఇదొక్కటే దారి. మూడేళ్ళ క్రితం వసంతంలో మంచు కరిగి వరదొచ్చి వంతెన కొట్టుకుపోయింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు వంతెనలు చూసిన మనిషి కళ్ళెదుట ఒక్క వంతెన పోయింది. అరవై అడుగులు కూడా లేని వంతెన. ఆయన ఊరుకుంటారా? పధ్నాలుగు కాగితాల మీద కొత్త వంతెన గీశారు. తీసుకెళ్ళి ప్రభుత్వ ఆఫీసులో ఇచ్చారు. తీసుకున్నవాళ్ళు చాలా మర్యాదగా తీసుకున్నారు. సర్వే కావాలన్నారు, వాగులో చేపలకి హాని ఉంటుందేమో చూడాలన్నారు, ఆపైన వరసలో మన ముందు ఇంకా చాలా వంతెనలున్నాయన్నారు. ఏదీ అబద్ధం కాదు. "పరిశీలనలో ఉంది" అని ఏడాదికొక ఉత్తరం వచ్చేది. ఆ ఉత్తరాలు మూడూ బాట మొదట్లో ఉన్న మా క్లబ్బు గుడిసెలో గోడకి గుచ్చి ఉన్నాయి. తిట్టడానికి ఒక మనిషైనా ఉంటే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది. ఎవరూ లేరు.

అప్పుడాయన మంచుతో వంతెన కట్టడం మొదలుపెట్టారు.

ఎలా కడతారో చెబుతాను. శీతాకాలం మొదట్లో, పడిపోయిన మాన్లు నాలుగు వాగుకి అడ్డంగా వేస్తాం. వాటి మీద కొమ్మలు పరుస్తాం. మంచు ఎత్తిపోసి కాళ్ళతో తొక్కుతాం. రెండ్రోజులు గడ్డకట్టనిస్తాం. మళ్ళీ పోస్తాం, మళ్ళీ తొక్కుతాం. అరవై ఎనిమిదేళ్ళ మనిషి మాతో సమానంగా తొక్కేవారు. మధ్యలో ఛాయాదేవి గారి పులిహోర. మా క్లబ్బులో పులిహోర తిననివాళ్ళు లేరు. ఆ డబ్బా రాని రోజున పని సాగేది కాదు.

కట్టాక ముందు ఆయనే నడిచి దాటాలి. తర్వాత ఆయన బండి దాటాలి. ఆ తర్వాతే మేము. ఎర్ర టేపు చుట్టిన ఒక కర్ర ఉండేది ఆయన దగ్గర. ప్రతిసారీ దాన్ని మంచులోకి గుచ్చి చూసేవారు. టేపు దాకా దిగిందా, ఆ రోజుకి దారి మూసినట్టే. "మంచు మాటివ్వదు శంకరం, మనమే కొలుచుకోవాలి" అనేవారు.

ఒకసారి మా అమ్మాయి పుట్టినరోజని శాంటా క్లారా నుంచి స్నేహితుల్ని పిలిచాను. అద్దెకి తీసుకున్న బండ్లు, కొత్త జాకెట్లు, పదిహేను మందిమి. వాగు దగ్గర మూర్తిగారు కర్ర గుచ్చి చూసి, తల అడ్డంగా ఊపారు. నాకు కోపమొచ్చింది. అందరి ముందూ అరిచాను. నిన్న దాటాం కదా, మీకు చాదస్తం ఎక్కువైంది అన్నాను. పెద్దాయన్ని పట్టుకుని ఆ మాటన్నాను. ఆయన దారికి అడ్డంగా తాడు కట్టేసి, వెనక్కి మళ్ళిన మా వెంటే దిగొచ్చారు. మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే మంచు వంతెన నడుమ కారు పట్టేంత గుంత. నేను దాని అంచున నిలబడి ఉంటే, ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చారు. ఎత్తిపొడుపు మాట ఒక్కటి లేదు. అన్నా బాగుండేది.

అనుమానమొస్తే చాలు దారి మూసే మనిషి, దాన్ని పూర్తిగా మూసేద్దామంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. క్లబ్బులో కొందరు అన్నారు, వంతెన వచ్చేదాకా వదిలేద్దాం అని. ఆయన భయం వేరు. ఒక్క శీతాకాలం ఎవరూ తిరగకపోతే, ఆ బాటని అందరూ మరిచిపోతారని. మనుషులు తిరిగే దారికే వంతెన అడగగలం, తిరగని దారికి ఎవడు కడతాడు అనేవారు. మూడేళ్ళు ఆయన మోసింది మంచుని కాదు, ఆ ఆశని.

ఇక బిళ్ళల సంగతి.

గుడిసె గోడకి ఒక చెక్క బోర్డుంది. ఇదిగో, ఇక్కడ ఫొటో పక్కన పెట్టాం. మూర్తిగారు తన చేత్తో చేసింది. నలభై మేకులు, నలభై బిళ్ళలు, ఒక్కొక్కరికి ఒక్కో నంబరు. ఒక వైపు ఎరుపు, ఒక వైపు ఆకుపచ్చ. పైకి వెళ్ళేటప్పుడు ఎరుపు బయటికి తిప్పాలి. దిగొచ్చాక ఆకుపచ్చకి తిప్పాలి. పైన ఫోన్లు పనిచేయవు. ఎవరు కొండ మీద ఉన్నారో చెప్పేది ఆ బోర్డొక్కటే. ఆయన పెట్టిన నియమం ఒక్కటే: "ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పుకోవాలి."

ఆ నియమం తప్పే మనిషీ ఆయనే. ప్రతి వంతెనకీ ఎన్ని బోల్టులున్నాయో గుర్తుండే మనిషికి, దిగొచ్చాక తన బిళ్ళ తిప్పాలని గుర్తుండేది కాదు. పులిహోర డబ్బా కడుక్కుంటూ, వచ్చినవాళ్ళని పలకరిస్తూ, అలాగే ట్రక్కెక్కి వెళ్ళిపోయేవారు. తొమ్మిదో నంబరు ఎర్రగానే ఉండేది. మాకదో సరదా. ఎవరు చివరికి మిగిలితే వాళ్ళు నవ్వుకుంటూ తొమ్మిదిని తిప్పేసేవాళ్ళం. నేనెన్నిసార్లు తిప్పానో లెక్కలేదు.

ఆయన ఆఖరిసారి పైకి వెళ్ళిన ఆ గురువారం, మధ్యాహ్నం నుంచి వాన మొదలైంది. ఫిబ్రవరిలో వాన! మంచు మీద వాన పడితే ఏమవుతుందో ఆయన కంటే ఎవరికి తెలుసు? శనివారం జనం వస్తారు, ఈలోగా వాగు దగ్గర తాడు కట్టాలి. ఉన్న గుంజలు చాలవు, ఇంకొన్ని తెమ్మని, సాయానికి వచ్చిన మన శ్యామ్‌సుందర్‌కి తన ట్రక్కు తాళాలిచ్చి ఊళ్ళోకి పంపారు. ఉన్నవాటితో తను ఒక్కరే పైకి వెళ్ళారు. బిళ్ళ ఎరుపుకి తిప్పే వెళ్ళారు.

నేను ఆఫీసు నుంచి తొందరగా బయల్దేరి, సాయం చేద్దామని నాలుగున్నరకి అక్కడికి చేరాను. చూస్తే ఆయన ట్రక్కు లేదు. దిగి వెళ్ళిపోయారు కాబోలు అనుకున్నాను. తొమ్మిదో నంబరు ఎర్రగా ఉంది. నవ్వుకున్నాను. తిప్పేశాను.

అంతే నేను చేసింది. ఒక్క వేలితో చేసిన పని.

రోడ్డు మీద ఏదో యాక్సిడెంటై శ్యామ్‌సుందర్ ఏడున్నరకి గానీ గుడిసెకి రాలేదు. బోర్డు ఆకుపచ్చగా ఉంది. ఎవరి కార్లోనో ఇంటికి వెళ్ళిపోయారనుకుని, ట్రక్కు ఇచ్చేద్దామని తిన్నగా మూర్తిగారి ఇంటికి వెళ్ళాడు. అంతకుముందే ఛాయాదేవి గారు నాకు ఫోన్ చేశారు. దిగిపోయారమ్మా, దారిలో ఉంటారు, కంగారు పడకండి అని నేనే చెప్పాను. ఎనిమిదిన్నరకి వాకిట్లో ట్రక్కు ఆగితే ఆవిడ ఎదురెళ్ళారు. దిగింది శ్యామ్‌సుందర్. శ్యామ్, నువ్వు తల దించుకోకు. నీ తప్పు ఇసుమంతైనా లేదు.

వెతకడానికి వెళ్ళినవాళ్ళు వాగు దాకా వెళ్ళగలిగారు. ఇవతలి గట్టున ఆయన బండి ఉంది, తాడు కట్టి ఉంది. నడుమ మంచు కూలిపోయి ఉంది. దాటడానికి ఏముంది? వంతెన లేదు. వానలో హెలికాప్టర్ ఎగరదన్నారు. అరవై మైళ్ళు చుట్టూ తిరిగి, అవతలి లోయలోంచి ఇంకో జట్టు ఎక్కి వచ్చేసరికి తెల్లారింది.

ఆయన అవతలి గట్టున ఉన్నారు. ఇవతల తాడు కట్టి, అవతలివైపు వాళ్ళకీ కట్టాలని నడిచి దాటారు. దాటాక వంతెన కూలిందో, దాటుతుండగానే కూలిందో తెలియదు. బట్టలు నడుము దాకా తడిసి గడ్డకట్టి ఉన్నాయి. చెట్టుకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. తొమ్మిది గంటల దాకా ప్రాణం ఉండి ఉండొచ్చని డాక్టరు చెప్పారు.

నేను నాలుగున్నరకి బిళ్ళ తిప్పకపోతే? ఫోన్లో ఆ మాట చెప్పకపోతే? చీకటి పడకముందే బయల్దేరేవాళ్ళమా? బయల్దేరినా ఎలా దాటేవాళ్ళం? ఈ పదకొండు రోజులుగా అదే లెక్క వేస్తున్నాను. తేలడం లేదు. ఆయనుంటే తేల్చేవారు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. అవతలివైపు కూడా తాడు కట్టి ఉంది. తడి చేతులతో, ఆ స్థితిలో, మిగిలిన గుంజలు నాలుగూ పాతి, ముడులు సరిగ్గా వేసి, ఎర్ర టేపు కర్రని నడుమ నిలబెట్టారు. శనివారం పొద్దున, సంగతి తెలియని పదకొండు మంది ఆ లోయలోంచి వచ్చి, ఆ తాడు చూసి ఆగారు. వాళ్ళలో ఇద్దరు ఇవాళ చివరి వరసలో మా క్లబ్బువాళ్ళతో ఉన్నారు.

నిన్న క్లబ్బు సమావేశమైంది. వాగు దగ్గర బాట మూసేయాలని తీర్మానించాం. ఈ ఏటికే కాదు, వంతెన వచ్చేదాకా. నేనూ చెయ్యెత్తాను. మూర్తిగారూ, మీరు మూడేళ్ళు కాపాడిన దారిని మీ పేరు చెప్పి మేమే మూసేశాం. ఇంకేం చేయాలో మాకు తెలియలేదు. ఆ మంచు మీదికి ఇంకొకరిని పంపే ధైర్యం మాలో ఎవరికీ లేదు. సోమవారం ఇంకో ఉత్తరం రాస్తాం. మర్యాదగా జవాబొస్తుంది.

ఇక ముగిస్తాను. ఈ బోర్డు చూడండి. ముప్ఫై తొమ్మిది బిళ్ళలు ఆకుపచ్చగా ఉన్నాయి. తొమ్మిదో నంబరు ఎర్రగా ఉంది. ఆ శుక్రవారం గుడిసెకి వెళ్ళి నేనే దాన్ని మళ్ళీ ఎరుపుకి తిప్పాను. ఎంత ఆలస్యంగా తిప్పానో నాకు తెలుసు. ఇందాక హాల్లోకి వస్తూ ఛాయాదేవి గారు దాన్ని చూసి, "ఇప్పుడు దాన్నెవరు తిప్పుతారు శంకరం?" అని అడిగారు.

అందరూ దయచేసి లేచి నిలబడండి. రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా ఆయన్ని తలుచుకుందాం. తర్వాత భోజనాలకి వెళ్ళేటప్పుడు ఈ బోర్డు పక్కనుంచే నడుస్తారు. చేయి ఊరుకోదు, నాకు తెలుసు. కానీ ఆయన ఇంకా దిగి రాలేదు. ఆ బిళ్ళని ఎవరూ తిప్పకండి.