డెల్చో మిటేవ్ గారి సర్వీసు పుస్తకంలోని ఒక మెమో

1984 అక్టోబరు 3వ తేదీన శ్రీ డెల్చో మిటేవ్ గారు వ్రాత్సా పట్టణంలోని మన వైద్య సమాచార కేంద్రంలో సాంకేతిక సహాయకులుగా చేరారు. నలభై ఒక్క సంవత్సరాల సేవానంతరం ఈ నెల పదవీ విరమణ చేస్తున్నారు. వారి సర్వీసు పుస్తకంలో ప్రశంసా పత్రాలు ఏడు, మందలింపు మెమో ఒకటి ఉన్నాయి. ప్రశంసల గురించి రాయమని, మెమో ఊసెత్తవద్దని ఈ వీడ్కోలు సంచిక సంఘం వారు నాకు చెప్పారు. ప్రశంసలు ఎవరైనా చదువుకోవచ్చు. ఆ మెమోలో ఉన్నది అబద్ధం. వారు వెళ్ళిపోయేలోగా అది సరికావాలి. ఈ వ్యాసం రాయడానికి అందుకే ఒప్పుకున్నాను. పల్లెబడిలో చదివినవాణ్ణి, మెరుగులు దిద్దడం నాకు రాదు.

తొలి ఏడేళ్ళు వారు పెద్ద కంప్యూటర్ యంత్రాల గదిలో పనిచేశారు. తొంభైలలో రక్త పరీక్షల విభాగానికి మారారు. అప్పట్లో ఆసుపత్రులు రోగి రక్తం గ్రూపు కోసం ఫోన్ చేసేవి. ఎవరు, ఏ ఆసుపత్రి, ఏ వార్డు అన్నది రాసుకోనిదే మిటేవ్ గారు విషయం వినేవారు కారు. ఒకసారి అప్పటి డైరెక్టర్ గారే ఇంటి నుంచి ఫోన్ చేశారు.

"నేనయ్యా."

"నేనంటే ఎవరండీ?"

"గొంతు గుర్తుపట్టలేదా?"

"పట్టానండీ. గొంతు రాసుకోవడానికి రిజిస్టర్లో గడి లేదు."

ఇది విని కేంద్రమంతా నవ్వింది. పక్క బల్ల దగ్గర రోజుకు నలభైసార్లు ఇదే ప్రశ్న వినవలసి వచ్చిన నాకు నవ్వు రాలేదు.

2009లో ఫోన్ల స్థానంలో ఆసుపత్రుల కంప్యూటర్లే అడిగి జవాబు తెచ్చుకునే జావా వెబ్ సర్వీసు పెట్టాలని నిర్ణయం జరిగింది. రాసేది నేను, పరీక్షించి సంతకం చేసేది మిటేవ్ గారు. వచ్చే ప్రతి సందేశానికీ రెండు భాగాలు ఉంటాయి. లోపలి భాగంలో రోగి నంబరు ఉంటుంది. పైనున్న హెడర్‌లో అడుగుతున్న ఆసుపత్రి కోడ్ ఉంటుంది. మనల్ని అడిగే పదకొండు ఆసుపత్రులూ తమ రోగులకు ఒకటి నుంచే నంబర్లు వేసుకుంటాయి కనుక హెడర్ లేని నంబరుకు అర్థం లేదు. అయితే ఒక్కో పనికి మనం రాసే ప్రోగ్రాం ముక్క, అంటే ఫంక్షన్, దాని చేతికి లోపలి భాగమే అందుతుంది. హెడర్ కావాలంటే ఆ సందేశం తాలూకు పూర్తి వివరాలుండే కాంటెక్స్ట్‌ను సర్వర్‌ను అడిగి తెచ్చుకోవాలి. ప్రతి ఫంక్షన్‌లోనూ, ప్రతి సందేశానికీ, మళ్ళీ మొదటి నుంచి అడగాలి. ఇరవై ఆరు ఫంక్షన్లలో అవే పదిహేను వరుసలు రాయడానికి నాకు ఓపిక లేదు. ప్రవేశం దగ్గరే ఒక్కసారి హెడర్ చదివి, కోడ్‌ను అన్ని ఫంక్షన్లకూ ఉమ్మడిగా ఉండే ఒక వేరియబుల్‌లో పెట్టాను. అందరికీ జవాబిచ్చేది ఒకే సర్వీసు కనుక, ఇద్దరు ఒకే క్షణంలో అడిగితే రెండోవారి కోడ్ మొదటివారి కోడ్‌ను చెరిపేస్తుంది. అది నాకు తెలుసు. అంత కచ్చితంగా ఒకే క్షణంలో ఎవరు అడుగుతారులే అనుకున్నాను.

ఆ శుక్రవారం సంతకం కావాలి, సోమవారం సర్వీసు మొదలు కావాలి. మా ఆవిడ నెద్యాల్కా అప్పటికి పది రోజులుగా ఆసుపత్రిలో ఉంది. మిటేవ్ గారు ఒక కంప్యూటర్ ముందు కూర్చుని, మన కార్యదర్శి జ్లాట్కా గారిని ఇంకొకదాని ముందు కూర్చోబెట్టారు. పరీక్ష కోసం వారిది మెజ్ద్రా ఆసుపత్రి, ఆమెది ఒర్యాహొవో ఆసుపత్రి. ఇద్దరూ 214వ నంబరు రోగినే అడగాలి. "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి ఇద్దరూ కలిసి నొక్కేవారు. ముప్ఫైసార్లు జవాబు సరిగ్గానే వచ్చింది.

"ఇక చాలన్నా, సంతకం పెట్టు," అన్నాను.

"ఇంకొక్కసారి. జ్లాట్కా, నువ్వు ఆలస్యంగా నొక్కుతున్నావు."

"నా వేలు నా ఇష్టం డెల్చో. వంట మాని పియానో నేర్చుకోవాల్సింది నేను," అంటూ ఆమె నొక్కారు. తర్వాత తెర వైపు వంగారు. "ఇదేంటి, ఏ పాజిటివ్ వచ్చింది? మా మనిషిది ఓ గ్రూపు కదా. ఏ పాజిటివ్ మీ మెజ్ద్రా ఆయనది."



"ముప్ఫై ఒక్కసార్లకు ఒకసారి," అన్నాను.

"సోమవారం పొద్దున ఎనిమిదింటికి పదకొండు ఆసుపత్రులూ ఒకేసారి అడుగుతాయి వెలిన్. ఓ గ్రూపు మనిషికి ఏ పాజిటివ్ రక్తం ఎక్కిస్తే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? నేను పెట్టను."

"మా ఆవిడ ఆసుపత్రిలో ఉంది."

"తెలుసు. నువ్వెళ్ళు. నేను కూర్చుని మారుస్తాను."

"నా కోడ్ మీద చెయ్యి వేయకు."

వెళ్ళమన్నారు. నేను వెళ్ళలేదు. శనివారమంతా కూర్చుని ఆ వేరియబుల్ తీసేసి, ఇరవై ఆరు చోట్లా కాంటెక్స్ట్ అడగడం మొదలుపెట్టాను. సగం కూడా కాలేదు. నెద్యాల్కా బుధవారం పోయింది. శనివారం బాగానే మాట్లాడిందట. ఆ శనివారానికి మిటేవ్ గారిని క్షమించలేదు. నన్ను నేనూ క్షమించుకోలేదు.

మిగిలిన పని మిటేవ్ గారే పూర్తిచేశారు. సర్వీసు రెండు వారాలు ఆలస్యమైంది. కారకులెవరని పైనుంచి ప్రశ్న వచ్చినప్పుడు నేను తొమ్మిదో రోజు కర్మలో ఉన్నాను. మిటేవ్ గారు ఒక్క వాక్యం రాసిచ్చారు: "సంతకం నిరాకరించినది నేను, ఆలస్యానికి బాధ్యత నాది." పైవారు ఆయనకు సహకార లోపమని మెమో ఇచ్చారు. తిరిగి వచ్చాక అడిగాను.

"ఎవరు రాయమన్నారు నిన్ను?"

"ఎవరూ అనలేదు. వాళ్ళకు ఓ పేరు కావాలి. నీకిప్పుడు ఉన్నది చాల్లే."

నేను నోరు మూసుకున్నాను. మరుసటి ఏడాది విభాగాధిపతి పదవి ఖాళీ అయింది. అర్హులు మిటేవ్ గారొక్కరే. పైవారు ఆ మెమో చూపించి రాజధాని సోఫియా నుంచి ఇంకొకరిని తెచ్చారు. అప్పుడూ నోరు మూసుకున్నాను. ఒకరి తప్పు నెత్తిన వేసుకుని పదహారేళ్ళు ఎదురుగా కూర్చుని, ఏమీ జరగనట్టు కాఫీ ఇచ్చే మనిషితో కలిసి పనిచేయడం ఎంత విసుగో పాఠకులు ఊహించుకోవచ్చు.

గత సోమవారం ప్రస్తుత డైరెక్టర్ గారికి నా సంతకంతో వాంగ్మూలం ఇచ్చాను. తప్పు వేరియబుల్ నాది, ఆలస్యం నాది, మౌనం కూడా నాదే. నిన్న ఆ మెమో రద్దయింది. మిటేవ్ గారు నా బల్ల దగ్గరికి కోపంగా వచ్చారు.

"ఇప్పుడెందుకురా ఇదంతా? పోస్టు నా మొండితనం వల్లే పోయిందని మా ఆవిడ రుమ్యానాకు చెప్పాను. ఇప్పుడామెతో ఏమనాలి?"

రుమ్యానా గారూ, వారు చెప్పలేరు కనుక నేను చెబుతున్నాను. ఆ పదవి మీ వారి మొండితనం వల్ల పోలేదు, నా వల్ల పోయింది. ఆ మొండితనం వల్ల బతికినవారికి మీ వారి పేరు కూడా తెలియదు. మీ భర్త ఇక రోజంతా ఇంట్లోనే ఉంటారు, మిమ్మల్ని విసిగిస్తారు. విసుక్కోండి. ఇద్దరూ ఆరోగ్యంగా, ఇద్దరూ కలిసి, చాలాకాలం ఉండాలని కోరుతున్నాను.

— వెలిన్ త్సోనేవ్, సీనియర్ ప్రోగ్రామర్