పావు మైలు, ఇరవై సెకన్లు

సభాధ్యక్షులు, మా మేనేజరు రాజేశ్వరరావు గారికి, నేను ఎంతసేపు మాట్లాడతానోనని ఇప్పటినుంచే గడియారం చూసుకుంటున్న ముందు వరుస పెద్దలకు, వంటల వాసనకే సగం కడుపు నింపుకున్న మిత్రులకు, గోడవారగా కూర్చున్న జోగికి, సుక్కికి, మా ఆవిడ కుట్టు క్లాసు వాళ్లందరికీ ఈ శ్రీరంగం నమస్కారాలు. (నవ్వులు)

ముప్పై ఒక్క ఏళ్లు ఈ బచేలి ఇనుప గనిలో లారీలు తూచే కాటా మీద పనిచేశాను. ఇందాక రాజేశ్వరరావు గారు నన్ను క్రమశిక్షణకు మారుపేరన్నారు. సార్, మీకు నా లెక్కల పిచ్చి గురించి ఎవరూ చెప్పినట్టు లేదు. మూడేళ్ల కిందట ఓ మోటారు పత్రికలో ఒక సూత్రం చదివాను. బండి బరువును కిలోల్లో తీసుకుని ఇంజను హార్స్‌పవరుతో భాగించాలి, వచ్చినదానికి ఘనమూలం కట్టాలి, దాన్ని ఏడు పాయింటు ఆరుతో గుణించాలి. అంతే! ఆగి ఉన్న బండి పావు మైలు, అంటే నాలుగు వందల మీటర్ల పైచిలుకు, ఎన్ని సెకన్లలో దాటుతుందో కూర్చున్నచోటే తెలిసిపోతుంది. బరువు తెలిసినవాడి చేతికి ఇలాంటి సూత్రం చిక్కితే ఊరుకుంటాడా? కాటా ఎక్కిన ప్రతి బండికీ చీటీ వెనక సెకన్లు రాసిచ్చేవాణ్ణి. ముప్పై అయిదు టన్నుల లారీకి నలభై నాలుగు సెకన్లని చెబితే ఆ డ్రైవరు, "బాబూజీ, నాకు చాయ్‌కే అరగంట పడతది, ఈ సెకన్లు ఏం చేసుకోను?" అన్నాడు. (నవ్వులు)

ఇక అసలు సంగతి. రిటైరయ్యాక సామర్లకోట వెళ్లిపోదామని మూడు నెలల కిందట నేను తీర్మానించేసుకున్నాను. అది మా ఊరు. అద్దె ఇల్లు కూడా మాట్లాడేశాను. ఆ సాయంత్రం సుధారాణికి శుభవార్త చెబుతున్నట్టే చెప్పాను. మా ఆవిడది ఈ వైపు కోంటా, పుట్టింటివాళ్లది అక్కడ బట్టల కొట్టు. చేతిలో కత్తెర అలాగే పట్టుకుని, "ఏందండీ, ఎవరినడిగి మాట్లాడిండ్రు? నా క్లాసు ఏం గావాలె?" అంది.

ఇరుక్కున్న మగవాడు పందెం కాస్తాడు. "మన పాత కారు పావు మైలు ఎంతలో దాటుతుందో ముందే చెబుతా. నా లెక్కకు సెకను అటూ ఇటూలో వస్తే నా మాట, అంతకు మించి తేడా వస్తే నీ మాట" అన్నాను. ఆవిడ "సరే" అంది. ఎంత తేలిగ్గా అందో ఇప్పుడు తలుచుకుంటే భయం వేస్తోంది.

మేనేజరు గారి అనుమతితో కారును కాటా ఎక్కించాను. ఏడు వందల కిలోలు. ఇంజను ముప్పై ఏడు గుర్రాలది. లెక్క కట్టాను, ఇరవై పాయింటు రెండు సెకన్లు. మొన్న ఆదివారం పొద్దున గ్రౌండు పక్క రోడ్డుకు రెండు వైపులా తాళ్లు కట్టించాం. గోపీ, ఇరవై ఏళ్లుగా కాటా మీద నా జోడీ, గొలుసు పట్టి దూరం కొలిచాడు. స్కూల్లో ఆటలు నేర్పే అనుపమ టీచరు స్టాప్‌వాచీతో చివర నిలబడింది. నేను ఇంజను గర్జించేలా తొక్కుతున్నాను, ఇంతలో పక్క తలుపు తెరుచుకుంది. సుధారాణి వచ్చి కూర్చుంది. "నువ్వెందుకు?" అన్నాను. "ఆ ఊరికి నేనుగూడ రావాలె గదా" అంది. మంచి మూడ్‌లో ఉన్నానేమో, "కూర్చో, కూర్చో" అన్నాను.

అమ్మో, ఏం వెళ్లింది బండి! మూడో గేరు పడేసరికి ఇద్దరం కేకలే కేకలు. యాభై నాలుగేళ్ల మనిషి కిటికీలోంచి చెయ్యి ఊపుతూ ఈల వేసిందంటే నమ్ముతారా? ఆ ఈల నేను పెళ్లయ్యాక మొదటిసారి విన్నాను. (ఈలలు, చప్పట్లు) నువ్వు కాదయ్యా గోపీ, ఆగు.

అనుపమ టీచరు చెప్పింది, ఇరవై ఒకటిన్నర. ఓడిపోయాను! వాచీని తిట్టాను, టైర్లను తిట్టాను, సూత్రం రాసినవాణ్ణి తిట్టాను. అప్పుడు గోపీ మెల్లగా అడిగాడు, "సార్, కాటా మీద తూచినప్పుడు మీరు బండిలో ఉన్నారా?"

లేను. కాటా మీద తూచాలంటే డ్రైవరు దిగాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా "దిగు, దిగు" అని అందరి మీదా అరిచినవాణ్ణి, అలవాటుగా నేనూ దిగి నిలబడ్డాను. అంటే నేను లెక్క కట్టింది మనిషి లేని కారుకు! (పెద్దగా నవ్వులు) అక్కడే రోడ్డు మీద కూర్చుని మళ్లీ కట్టాను. నన్నొక్కణ్ణే కలిపితే ఇరవై ఒకటి, పందెం నేనే గెలిచేవాణ్ణి. సుధారాణిని కూడా కలిపితే సరిగ్గా ఇరవై ఒకటిన్నర. సూత్రం తప్పలేదని సంతోషం పట్టలేక గంతులేశాను కూడా.

ఆ గంతుల మధ్యలోనే నాకు సిగ్గేసింది. కారు లెక్కలో ఆవిణ్ణి వదిలేశాను, అది పొరపాటు. సామర్లకోట లెక్కలో కూడా వదిలేశాను. అది పొరపాటు కాదు, నా అలవాటు. పద్నాలుగేళ్లుగా నా ఇంటి వరండాలో ఇంతమందికి కుట్టుపని నేర్పుతుంటే, వాళ్ల చెప్పులు అడ్డమని విసుక్కున్నానే తప్ప, ఒక్కరోజు కూడా లోపలికి తొంగి చూసి ఏం కుడుతున్నారని అడగలేదు. జోగీ, సుక్కీ, నన్ను క్షమించండమ్మా.

కాబట్టి మిత్రులారా, కాస్త ఇబ్బందిగానే చెబుతున్నాను, మీరు ఇంత ఘనంగా వీడ్కోలు ఇస్తున్నారు గానీ నేను ఎక్కడికీ వెళ్లడం లేదు. (చప్పట్లు) కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి బజారు వెనక రెండు గదుల్లోకి మారుతున్నాం. పెద్ద గది క్లాసుది, చిన్నది మాది. పందెం ఓడిపోయాను గనక ఇది ఆవిడ హక్కు. అయినా పందెం పక్కన పెట్టి, ముప్పై ఏళ్ల కాపురంలో అడగని మాట ఇంతమంది ముందు అడుగుతున్నాను. సుధా, నీకు ఎక్కడ ఉండాలనుంది?

(సభలోంచి సుధారాణి గారు: "ఇక్కడనే! ఇంకా ఏంది, మైకు వదలండి, వాళ్లకు ఆకలైతుంది!")

విన్నారుగా. నన్ను ఇన్నాళ్లు భరించినందుకు మీ అందరికీ ధన్యవాదాలు. కాటాకు మాత్రమే సెలవు.